మూడు వందల దరఖాస్తులకు ఒక్క జవాబూ రాకపోతే ఏం చేయాలి?

మీ ప్రశ్న పొడవుగా ఉంది కాబట్టి, మిగతావారి కోసం ముందు కుదించి రాస్తున్నాను. 2024లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్)తో బీటెక్ పూర్తయింది. మార్కులు 68 శాతం, బ్యాక్‌లాగ్‌లు లేవు. ఇల్లు విశాఖలోని గాజువాక. నాన్నగారు స్టీల్ ప్లాంట్‌లో కాంట్రాక్టు కార్మికుడు. మూడు వందలకు పైగా దరఖాస్తులు పెడితే ఒకటి రెండు ఆన్‌లైన్ పరీక్షలు తప్ప ఏ కబురూ లేదు. ఒక కన్సల్టెన్సీ రెండున్నర లక్షలిస్తే హైదరాబాద్‌లో ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగం ఇప్పిస్తానంటోంది, అందులో యాభై వేలు ఈ నెలాఖరులోగా కట్టమంటోంది. అది కట్టాలా, అమీర్‌పేట వెళ్లి సాఫ్ట్‌వేర్ కోర్సు చేయాలా, ద్వారకానగర్‌లో బ్యాంకు కోచింగ్‌లో చేరాలా, ఎంటెక్‌కు వెళ్లాలా అని అడిగారు. చివర్లో ‘నాలోనే ఏదో లోపం ఉందేమో’ అని కూడా రాశారు.

నేను పరిశ్రమల హెచ్‌ఆర్ విభాగాల్లో చాలాకాలం పనిచేసి, ఇప్పుడు గాజువాక, ఆటోనగర్, పరవాడ వైపు చిన్న, మధ్యతరహా సంస్థలకు మనుషులను ఎంపిక చేసిపెట్టే పనిలో ఉన్నాను. కాబట్టి బల్లకు అవతలివైపు కూర్చున్నవాడి మాటగా దీన్ని చదవండి.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే దానికి గడువు పెట్టారు. కట్టకండి. నీతి కోసం చెప్పడం లేదు, లెక్క చూసి చెబుతున్నాను. ఈ వ్యవహారం ఎలా నడుస్తుందంటే, మీ రెండున్నర లక్షలు వాళ్ల చేతికి వెళ్లాక ఎవరూ పేరు వినని ఒక కంపెనీ ఆఫర్ లెటర్ వస్తుంది. నెలకు పద్దెనిమిది వేల జీతం అంటారు. నాలుగు నెలలు ఇస్తారు కూడా. అంటే 72,000 రూపాయలు. అది మీ డబ్బే, మీకే వాయిదాల్లో తిరిగి వస్తుంది. అయిదో నెలలో ప్రాజెక్టు ఆగిపోయిందంటారు. మిగిలిన 1,78,000 వాళ్ల లాభం. మీరు పోలీసు స్టేషన్‌కు వెళ్తే ‘ఉద్యోగం ఇచ్చాం, జీతం ఇచ్చాం, ఇవిగో బ్యాంకు రికార్డులు’ అని చూపిస్తారు. ఆ నాలుగు నెలల జీతం అందుకే ఇస్తారు.

అంతటితో పోదు. అదే కన్సల్టెన్సీ ఇంకో ఇరవై ముప్ఫై వేలకు రెండేళ్ల అనుభవ పత్రం కూడా అంటగడుతుంది. పేరున్న కంపెనీ ఏదైనా మిమ్మల్ని చేర్చుకునే ముందు మీ గత ఉద్యోగ వివరాలను సరిచూస్తుంది. అందులో మొదట అడిగేది ప్రావిడెంట్ ఫండ్ (పీఎఫ్) ఖాతాకు ఉండే యూఏఎన్ నంబరు. ఏ సంస్థలో ఏ నెల నుంచి ఏ నెల వరకు మీ పేరున పీఎఫ్ జమ అయిందో ఆ ఖాతాలో వరుసగా కనిపిస్తుంది. పత్రం రెండేళ్లంటే, ఖాతా ఖాళీ అంటే, చేరిన ఉద్యోగం కూడా పోతుంది. ఆ మరక తర్వాత వెళ్లే చోటికీ వెంట రావచ్చు.

ఏదైనా కంపెనీ మీద అనుమానం ఉంటే కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. ఎప్పుడు నమోదైంది, చెల్లించిన మూలధనం ఎంత, చిరునామా ఎక్కడ అన్న ప్రాథమిక వివరాలు ఉచితంగా దొరుకుతాయి. ఎనిమిది నెలల క్రితం లక్ష రూపాయల మూలధనంతో పుట్టిన సంస్థ అమెరికా బ్యాంకు ప్రాజెక్టులు చేస్తున్నానంటే నమ్మాలో వద్దో మీకే తెలుస్తుంది. విదేశీ ఉద్యోగాల విషయంలో ఇంకా జాగ్రత్త. డేటా ఎంట్రీ పని అని చెప్పి మన కుర్రాళ్లను టూరిస్టు వీసా మీద కంబోడియా తీసుకెళ్లి సైబర్ నేరాలు చేయించిన ముఠా గుట్టును 2024 మేలో రట్టు చేసింది మన విశాఖ పోలీసులే. ఆ వలలో పడినవారిలో డిగ్రీలు చదివినవారూ ఉన్నారు. ప్రభుత్వం వద్ద నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు కూడా అభ్యర్థి నుంచి 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోవడానికి వీల్లేదు. మీలో ఎవరైనా ఇప్పటికే ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైనకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఇంకొక మాట. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (మార్కుల మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మాత్రం ఇంటికి తెచ్చుకోండి. శిక్షణ బాండ్ల గురించి ‘అవేవీ కోర్టులో చెల్లవు’ అని స్నేహితులు ధైర్యం చెబుతుంటారు. అది పూర్తిగా నిజం కాదు. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు షరతును 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. కట్టాల్సిన మొత్తం, కాలం సహేతుకంగా ఉన్న బాండును కోర్టు కొట్టేస్తుందని ధీమాగా ఉండకండి. చదివి సంతకం పెట్టండి.

ఇప్పుడు మూడు వందల దరఖాస్తుల సంగతి. మా వైపు ఏం జరుగుతుందో చెబుతాను. సర్వీస్ ఇంజనీరు కావాలని ఒక మామూలు సంస్థ జాబ్ పోర్టల్‌లో ప్రకటన వేస్తే రెండు రోజుల్లో వందల రెజ్యూమేలు వచ్చి పడతాయి. అన్నీ చదవడానికి అక్కడ మనిషి ఉండడు. ఉన్న ఒక్కరూ జీతాల పని, హాజరు పని, గేట్ పాసుల పని చూసుకుంటూ మధ్యలో దీన్ని చూస్తారు. అందుకని ముందు వడపోత పెడతారు. ఊరు, బ్రాంచి, పాసైన సంవత్సరం, మార్కుల శాతం. పెద్ద ఐటీ కంపెనీల డ్రైవ్‌లలో ఈ వడపోత కంప్యూటరే చేస్తుంది. ‘2025 బ్యాచ్ వారికి మాత్రమే’ అని ఉన్నచోట 2024 అని రాసిన మీ దరఖాస్తు ఎవరి కంటా పడకుండానే పక్కకు పోతుంది. వడపోత దాటిన వాటిలో కూడా పై నుంచి వరుసగా తెరుస్తూ పోయి, పనికొచ్చేవారు ఏడెనిమిది మంది దొరకగానే ఆపేస్తారు. ఆ తర్వాతి రెజ్యూమే ఎంత బాగున్నా ఎవరూ తెరవరు. జవాబు రాయాలన్న మర్యాద మాలో చాలామందికి లేదు. అది మా వైపు తప్పే, కానీ వాస్తవం.

అంటే మీకు వచ్చిన ఆ మౌనంలో మీ గురించి ఏ తీర్పూ లేదు. తీర్పు చెప్పాలంటే ముందు చదవాలి కదా.

పైగా మీ బ్యాచ్ బయటికొచ్చిన సమయం అలాంటిది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో టీసీఎస్ సిబ్బంది 13,249 మంది తగ్గారు. ఇన్ఫోసిస్‌లో 25,994 మంది తగ్గారు. కళాశాలలకు వచ్చి గంపగుత్తగా తీసుకెళ్లే సంస్థలే ఉన్నవారిని తగ్గించుకుంటున్న ఏడాదిలో మీరు చివరి సంవత్సరం చదివారు. మీకంటే మూడేళ్లు ముందు పాసైన సీనియర్ ‘నాకు రెండు ఆఫర్లు వచ్చాయి’ అని చెబితే, అతని ప్రతిభ గొప్పదే కావచ్చు గానీ అతని సంవత్సరం ఇంకా గొప్పది. ఇంట్లో పోల్చేటప్పుడు ఈ మాట చెప్పండి.

అలాగని దరఖాస్తులన్నీ బాగున్నాయనీ అనను. మీరు జతచేసిన రెజ్యూమే చూశాను. మొదటి అయిదు లైన్లు కెరీర్ ఆబ్జెక్టివ్. ‘సవాళ్లతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను వినియోగించి సంస్థ అభివృద్ధికి కృషి చేయాలని’ అన్న అర్థంలో సాగే ఆ వాక్యాన్ని నేను ఎన్ని వేలసార్లు చదివానో చెప్పలేను. తీసేయండి. కింద నైపుణ్యాల్లో సీ, జావా, పైథాన్, మ్యాట్‌ల్యాబ్, వీఎల్‌ఎస్‌ఐ, ఎంబెడెడ్, హెచ్‌టీఎంఎల్, ఐఓటీ అని ఎనిమిది రాశారు. ఇంటర్వ్యూ చేసేవాడు అందులో మీకు అన్నిటికంటే తక్కువ తెలిసినదాన్నే అడుగుతాడు, అది మా వృత్తి దురలవాటు. గట్టిగా తెలిసినవి మూడు ఉంచండి. తండ్రి పేరు, మతం, వివాహ స్థితి, అభిరుచులు, చివర్లో ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అన్నవన్నీ తీసేస్తే ఒక్క పేజీలో సరిపోతుంది.

అసలు విషయం ప్రాజెక్టు దగ్గర ఉంది. ‘ఆర్డునో ఆధారిత ఆటోమేటిక్ నీటిపారుదల వ్యవస్థ’ అని ఒక్క లైను రాసి వదిలేశారు. ఈ జిల్లాలో ఈసీఈ చదివిన ప్రతి రెండో మనిషి రెజ్యూమేలో ఆ లైను ఉంటుంది. ఎక్కువమంది దాన్ని బయట కొనుక్కొస్తారని మాకు తెలుసు. కానీ మీ ప్రశ్నలో, ఎక్కడో మధ్యలో, కళాశాల గురించి విసుక్కుంటూ ఇంకో ముక్క రాశారు. సెన్సర్ పుల్లలు రెండు వారాల్లో తుప్పుపట్టి రీడింగులు పెరుగుతూ పోయాయని, నిరంతరం కరెంటు పారడం వల్లే అలా అవుతోందని గమనించి, రీడింగ్ తీసే క్షణంలో మాత్రమే సరఫరా ఇచ్చేలా ప్రోగ్రాం మార్చారని, గైడ్ మాత్రం దాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదని. రెజ్యూమేలో ఉండాల్సింది అది! ఇలా రాయండి: ‘నేల తేమ సెన్సర్ నిరంతర విద్యుత్ ప్రవాహం వల్ల తుప్పుపట్టి తప్పు రీడింగులు ఇస్తున్నట్టు గుర్తించాను. రీడింగ్ సమయంలో మాత్రమే సరఫరా ఇచ్చేలా సర్క్యూట్, ప్రోగ్రాం మార్చాను. మార్పుకు ముందు, తర్వాత రీడింగులను పోల్చి నమోదు చేశాను.’ ఆ మూడో వాక్యం నిజమైతేనే ఉంచండి. పోల్చి ఉండకపోతే ఇప్పుడైనా పోల్చండి, సామాను మీ ఇంట్లోనే ఉంది కదా. ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో, అంటే పరిశ్రమల కొలత, నియంత్రణ పరికరాల పనిలో, ఉన్న ఎవరైనా ఈ మూడు వాక్యాలు చదివితే మీతో పది నిమిషాలు మాట్లాడకుండా వదలరు. వాళ్ల జీవితమంతా తప్పు రీడింగులతోనే గడుస్తుంది.

ఇక ఊరి సంగతి. ‘వైజాగ్‌లో ఉద్యోగాలు లేవు’ అన్నారు. ఇక్కడి కుర్రాళ్లు రెండు చోట్లకే చూస్తారు. ఒకటి రుషికొండ ఐటీ కొండలు, రెండు ప్రభుత్వరంగ సంస్థల గేట్లు. కొండల మీద ప్రకటనలు చాలానే వచ్చాయి. 2025లో టీసీఎస్‌కు 99 పైసలకే భూమి ఇచ్చారు, కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కూ అలాగే ఇచ్చారు. అక్టోబరులో గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. మంచిదే. అయితే పునాదిరాయికీ మీ ఆఫర్ లెటర్‌కూ మధ్య కొన్నేళ్లు పడతాయి. డేటా సెంటర్ అనేది నడవడం మొదలయ్యాక పెట్టుబడితో పోలిస్తే చాలా తక్కువమందితో నడిచే వ్యవహారం. ఆ కొద్దిమందిలో విద్యుత్ సరఫరా, శీతలీకరణ, సెన్సర్లు, నియంత్రణ వ్యవస్థలు చూసేవారికి గట్టి చోటుంటుంది. ఈసీఈవారు ఈ మాట గుర్తుపెట్టుకోవచ్చు.

గేట్ల సంగతి మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. స్టీల్ ప్లాంట్‌లో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు 2021 జనవరిలో కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. ఈ మధ్యలో స్వచ్ఛంద పదవీ విరమణలు నడిచాయి గానీ శాశ్వత నియామకాలు ఎప్పుడో పోయాయి. ‘ప్లాంట్‌లో పడితే చాలు’ అనుకున్న తరం ఆశను మీ మీద ఎవరైనా రుద్దుతుంటే వినయంగా వినేసి వదిలేయండి.

ఈ రెంటి మధ్యా ఒక మూడో పొర ఉంది. నేను రోజూ మనుషులను వెతికేది దాని కోసమే. హెచ్‌పీసీఎల్ రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచే పనులు జరిగాయి. అంత పెద్ద రిఫైనరీలో ట్రాన్స్‌మిటర్లు, కంట్రోల్ వాల్వులు, గ్యాస్ డిటెక్టర్లు వేల సంఖ్యలో ఉంటాయి. వాటి నిర్వహణలో చాలా భాగం కాంట్రాక్టు సంస్థలదే. మరమ్మతులకు ప్లాంటు ఆపే షట్‌డౌన్ వచ్చినప్పుడు మనుషులు దొరక్క ఇతర రాష్ట్రాల నుంచి తెప్పిస్తారు. షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు చుట్టూ ఓడల మరమ్మతు వెండర్లు ఉన్నారు, వాళ్లకు కేబులింగ్, నావిగేషన్ పరికరాల పని తెలిసినవారు కావాలి. పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాల తయారీ, పరీక్ష ల్యాబ్‌లు ఉన్నాయి. పరవాడ, అచ్యుతాపురం 2022 నుంచి కాగితం మీద అనకాపల్లి జిల్లా అయినా, కంపెనీ బస్సులు మీ గాజువాక, కూర్మన్నపాలెం మీదుగానే వెళ్తాయి. అక్కడి ఫార్మా యూనిట్లలో ప్రతి ఉష్ణోగ్రత సెన్సర్‌కూ, ప్రతి తూకం యంత్రానికీ నిర్ణీత గడువులో క్యాలిబ్రేషన్ (రీడింగు సరిగ్గా ఉందో లేదో సరిచూడటం) జరిగి తీరాలి, కాగితం సక్రమంగా ఉండాలి, లేకపోతే ఆడిట్‌లో దొరికిపోతారు. ఆ పనికి పరికరం పట్టుకోవడమూ, నాలుగు వాక్యాలు తప్పుల్లేకుండా రాయడమూ రెండూ వచ్చినవాళ్లు నిజంగా తక్కువ.

(ఇది చదివే బీకాం వారికి పక్కమాట: పోర్టు చుట్టూ కస్టమ్స్ బ్రోకర్ల ఆఫీసులు, కంటైనర్ ఫ్రైట్ స్టేషన్లు, రొయ్యల ఎగుమతిదారుల దగ్గర షిప్పింగ్ బిల్లులు తయారుచేసే పని ఉంటుంది. ఆ పని నేర్చుకుని కస్టమ్స్ వారి జీ కార్డు పరీక్ష పాసైనవారికి ఈ ఊళ్లో విలువ ఉంది.)

ఈ సంస్థలు పోర్టళ్లలో పెద్దగా ప్రకటనలు వేయవు. ‘మీకు తెలిసిన కుర్రాడు ఎవరైనా ఉన్నాడా?’ అని నోటిమాటగా అడుగుతాయి. అందుకే కంప్యూటర్ ముందు కూర్చుని మూడు వందలు పంపినా వీటిలో ఒక్కటీ మీకు తగలలేదు. వీళ్లను ఎలా పట్టుకోవాలి? గుర్తింపు పొందిన క్యాలిబ్రేషన్ ల్యాబ్‌ల జాబితా, ఆ గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ఊరివారీగా వెతుక్కోవచ్చు, విశాఖపట్నం అని కొట్టి చూడండి. మీ నాన్నగారికి తెలిసిన కాంట్రాక్టు సూపర్‌వైజర్లు ఉంటారు. మొహమాటపడకుండా వాళ్లను ఒకటే అడగమనండి: ‘ఇన్‌స్ట్రుమెంట్ పని ఏయే సంస్థలు చేస్తున్నాయి, అక్కడ ఎవరిని కలవాలి?’ ఉద్యోగం ఇప్పించమని అడిగితే మనిషి ఇబ్బంది పడతాడు, పేరు చెప్పమంటే సంతోషంగా చెబుతాడు. ఆ పేరు పట్టుకుని కాగితం మీద రెజ్యూమేతో వెళ్లండి. రిసెప్షన్‌లో హెచ్‌ఆర్ అని కాకుండా సర్వీస్ మేనేజర్ గారిని కలవాలని అడగండి. ఉదయం తొమ్మిదికి వెళ్లకండి, అప్పుడు వాళ్లు మనుషులను సైట్లకు పంపే హడావిడిలో ఉంటారు. పదకొండు దాటాక వెళ్లండి. నాలుగు చోట్ల వాచ్‌మన్ దగ్గరే ఆగిపోతారు, అది మామూలే.

మొదటి జీతం పదిహేను వేల అటూ ఇటూ ఉంటుంది. మీ స్నేహితుడి ఐటీ ప్యాకేజీ పక్కన పెట్టి చూస్తే చిన్నదే. రెండేళ్లు పరికరాల మీద చేయి తిరిగాక పరిస్థితి మారుతుంది, గల్ఫ్ నుంచీ జామ్‌నగర్ రిఫైనరీల నుంచీ అడుగుతారు. చేరేముందు మాత్రం పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా, సేఫ్టీ శిక్షణ ఎన్ని రోజులు, రక్షణ సామగ్రి ఎవరిస్తారు అని అడిగి తీరండి. 2024 ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో ఒక్క ప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఈ ప్రశ్నలకు చిరాకుపడే సంస్థ అయితే వద్దు.

అప్రెంటిస్‌షిప్ గురించి మీరు అసలు ప్రస్తావించలేదు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. డిగ్రీ, డిప్లొమా పాసైనవారికి ఏడాది శిక్షణ ఇచ్చే నాట్స్ పథకం ఒకటుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నడుస్తుంది. పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే నంబరు వస్తుంది, అది లేకపోతే ఏ ప్రకటనకూ దరఖాస్తు చేయలేరు. స్టీల్ ప్లాంట్, రిఫైనరీ లాంటివి గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లకు అప్పుడప్పుడూ ప్రకటనలు ఇస్తాయి. 2019 నిబంధనల ప్రకారం గ్రాడ్యుయేట్‌కు నెలకు కనీస స్టైపెండ్ 9,000 రూపాయలు, పెంచాలన్న సిఫారసు 2025లో వచ్చింది. ఎంపిక చాలాచోట్ల డిగ్రీ మార్కుల మీదే ఉంటుంది కాబట్టి మీ 68 శాతం ఇక్కడ పనికొస్తుంది. రెండు సంగతులు తెలుసుకుని వెళ్లండి. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యత సంస్థకు చట్టప్రకారం లేదు. అలాగే ఏడాది, అంతకు మించి ఉద్యోగానుభవం ఉన్నవారిని ఈ పథకంలో తీసుకోరు. అంటే ముందు ఉద్యోగం, తర్వాత అప్రెంటిస్ అనుకుంటే కుదరదు. పాసైన సంవత్సరానికీ పరిమితి ఉంటుంది, ప్రకటనలో చూసుకోండి. మీరు ఈ వారమే నమోదు చేసుకోవాలి. ఆంధ్రా విశ్వవిద్యాలయంలోని మోడల్ కెరీర్ సెంటర్‌లోనూ పేరు ఇచ్చి రండి. అక్కడి నుంచి ఏదో ఊడిపడుతుందని కాదు, జాబ్ మేళాల కబుర్లు ముందుగా తెలుస్తాయి. జాబ్ మేళాల్లో సగం అమ్మకాల ఉద్యోగాలే ఉంటాయి, ఆ సంగతి తెలిసే వెళ్లండి.

అమీర్‌పేట కోర్సు విషయంలో నాకు ఒకే ప్రశ్న ఉంది. మీకు ప్రోగ్రాం రాయడం ఇష్టమా, లేక అందరూ రాస్తున్నారని రాయాలనుకుంటున్నారా? తేల్చుకోవడానికి హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా దొరికే ఒక పైథాన్ కోర్సు తీసుకుని ఆరు వారాలు రోజూ రెండు గంటలు కూర్చోండి. నాలుగో వారానికి ఎవరూ అడక్కుండానే సొంతంగా ఏదో ఒకటి రాయడం మొదలుపెడితే వెళ్లండి. విసుగుతో వీడియోలు దాటేస్తుంటే ఆ కోర్సు ఫీజు, హాస్టల్ ఖర్చు మిగిలినట్టే. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అని రాసిన బోర్డును నమ్మి మాత్రం ఎక్కడా చేరకండి.

బ్యాంకు కోచింగ్ చెడ్డ దారేమీ కాదు. బ్యాంకు ఆఫీసర్ల కోసం పెట్టే ఐబీపీఎస్ పీవో పరీక్షకు ముప్ఫై ఏళ్ల వరకు వయసుంది, కాబట్టి ఈ నెలే తేల్చుకోవాల్సిన తొందర లేదు. కానీ నిజంగా దిగితే అదే పనిగా ఏడాదిన్నర కూర్చోవాలి. ఉదయం రీజనింగ్, మధ్యాహ్నం జావా, సాయంత్రం ఎంటెక్ ప్రవేశానికి గేట్ పరీక్ష అంటూ తిరిగేవాళ్లను ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ మెట్ల మీద ఏ రోజు చూసినా కనిపిస్తారు. మూడేళ్ల తర్వాత కూడా అక్కడే కనిపిస్తారు. ఎంటెక్ విషయం ఒక్క మాటలో చెబుతాను: గేట్ అర్హతతో వెళ్తే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది, గేట్ లేకుండా ఫీజు కట్టి వెళ్తే ఇదే ప్రశ్నను రెండేళ్ల తర్వాత అడుగుతారు.

ఇంటి విషయం రాశారు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన నాన్నగారు ఏమీ అనకుండా అన్నం తిని పడుకుంటారని, అదే ఎక్కువ బాధగా ఉందని. ఆయన మౌనానికి మీరు చెబుతున్న అర్థం సరైందో కాదో నాకు తెలియదు, మీకూ తెలియదు. అడగండి. ఇంకా మేలు, పైన చెప్పిన సూపర్‌వైజర్ల పని ఆయనకు అప్పగించండి. తన కొడుకుకు సాయం చేసే దారి తెలియక ఊరుకునే తండ్రులను నేను చాలామందిని చూశాను. పని చెబితే కదులుతారు. బంధువుల పెళ్లిళ్లలో ‘ఏం చేస్తున్నావు బాబూ?’ అన్న ప్రశ్నకు ‘ఇన్‌స్ట్రుమెంటేషన్ వైపు ప్రయత్నిస్తున్నాను’ అని ఒక్క మాట చెప్పి భోజనాల వైపు నడవండి. ఆ పదం అర్థం కాక రెండో ప్రశ్న అడగరు.

రెండు నెలలుగా నిద్ర పట్టడం లేదని కూడా రాశారు. దాన్ని ఉద్యోగం వచ్చేదాకా వాయిదా వేయకండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీకి వెళ్లినా సరే.

ఇంటర్వ్యూలో ఈ ఏడాదిన్నర ఖాళీ గురించి తప్పకుండా అడుగుతారు. కథలు అల్లవద్దు. ‘2024లో పాసయ్యాను, ఐటీ ప్రయత్నించాను, రాలేదు. ఇన్‌స్ట్రుమెంట్ల పని నాకు నచ్చుతోందని ఆలస్యంగా తెలిసింది’ అని చెప్పి, వెంటనే తుప్పుపట్టిన సెన్సర్ దగ్గరికి మాట తీసుకెళ్లండి. అడిగినవారు ఖాళీ సంగతి మరిచిపోతారు.

రెజ్యూమే మార్చాక ఇక్కడే మళ్లీ పెట్టండి, చూసి చెబుతాను. ఈసారి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా తీసేసి పెట్టండి. ఆ కన్సల్టెన్సీ వాళ్లకు మీ నంబరు ఇలాంటి చోట్లే దొరికి ఉంటుంది.